కొండ అంచు నుంచి హ్యాంగ్ గ్లైడింగ్: లుకౌట్ మౌంటెన్ మీద మొదటి రోజు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

ట్రైనింగ్ హిల్ మీద ఎండలో గ్లైడర్ (కింద వేలాడుతూ ఎగిరే పెద్ద గుడ్డ రెక్క) మోసి, పరిగెత్తి, పడి లేచి, చివరికి హెచ్2 రేటింగ్ (కొత్త పైలట్ స్థాయి) తెచ్చుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "పెద్ద కొండ మీద మొదటి రోజు ఎలా ఉంటుంది? ఏం చేయాలి?" అట్లాంటా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న చోటు జార్జియాలో రైజింగ్ ఫాన్ దగ్గరి లుకౌట్ మౌంటెన్. కారులో రెండు గంటల దారి. అందుకే ఆ కొండనే తీసుకుని రాస్తున్నాను. అక్కడ ర్యాంపు పడమటి వైపు లోయలోకి తెరుచుకుని ఉంటుంది. ర్యాంపు నుంచి ల్యాండింగ్ జోన్‌కి ఎత్తు తేడా 1,340 అడుగులు. మీరు ఎగిరే కొండ వేరైతే గాలి దిశలు దానికి తగ్గట్టు మార్చుకోండి. మిగతాది చాలావరకు పనికొస్తుంది.

ఇది చదివి గ్లైడింగ్ నేర్చుకోవడం కుదరదు. ట్రైనింగ్ పూర్తయి, "ఇక కొండ మీద నుంచి ఎగరొచ్చు" అని మీ ఇన్‌స్ట్రక్టర్ స్వయంగా అన్నాకే ఇది మీకు. ఇంతవరకు ఒక్కసారి కూడా ఎగరనివాళ్లు ముందు టాండెమ్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఒకే గ్లైడర్‌లో ఎగరడం) చేయండి. లుకౌట్‌లో టాండెమ్ ర్యాంపు మీద నుంచి కాదు, కింద లోయలోంచి చిన్న విమానం తాడుతో పైకి లాక్కెళ్తుంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటారు, పరుగు ఉండదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు టాండెమ్ చేయించాలనుకునేవాళ్లు వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు ముందు చదవండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలకు కవర్ ఉండదు.

కావలసినవి

- మీకు బాగా అలవాటైన గ్లైడర్. మొదటి కొండ రోజున కొత్త గ్లైడర్ వద్దు. ఫాల్కన్ లాంటి సింగిల్ సర్ఫేస్ గ్లైడర్, మీ బరువుకు తగిన సైజులో, బేస్ ట్యూబ్‌కి (చేతులతో పట్టుకుని నడిపే అడ్డ గొట్టం, బార్ అన్నా ఇదే) చక్రాలతో.
- హార్నెస్ (ఒంటికి తొడుక్కుని వేలాడే పట్టీల సంచి), అందులో ప్యాక్ చేసిన రిజర్వ్ పారాచూట్. దాన్ని చివరిసారి ఎప్పుడు విప్పి మడతపెట్టారో తెలిసి ఉండాలి.
- హెల్మెట్, లాక్ అయ్యే క్యారబినర్ (హార్నెస్‌ను గ్లైడర్‌కు తగిలించే లోహపు కొక్కెం, కింద హుక్ అన్నది దీన్నే), చీలమండను పట్టి ఉంచే బూట్లు, హుక్ నైఫ్ (చిక్కుకుంటే పట్టీలు కోసే చిన్న కత్తి).
- రేడియో. అది లేకపోతే కింద ల్యాండింగ్ జోన్‌లో ఇన్‌స్ట్రక్టర్ నిలబడి సైగలు చేసే ఏర్పాటు.
- చేతిలో పట్టుకునే గాలి మీటరు, కొన్ని రంగు రిబ్బన్లు.
- యూఎస్‌హెచ్‌పీఏ (అమెరికా హ్యాంగ్ గ్లైడింగ్, పారాగ్లైడింగ్ సంఘం) సభ్యత్వం, రేటింగ్ కార్డు. కొత్త పైలట్లు ముందుగా అక్కడి ఫ్లైట్ పార్కు ఆఫీసులో రిజిస్టర్ చేసుకుని, సైట్ గురించి చెప్పించుకుని, ఆ తర్వాతే ర్యాంపు దగ్గరికి వెళ్లాలి.
- రెండు లీటర్ల నీళ్లు, తేలికపాటి తిండి. ఇడ్లీ, అరటిపండు సరిపోతాయి. నిండా భోజనం చేసి గాలిలో తిరిగితే వికారం వస్తుంది.

కెమెరా ఈ జాబితాలో లేదు. మొదటి కొన్ని ఫ్లైట్లకు దాన్ని కారులోనే వదిలేయండి. మౌంట్ సరిచేయడం, బటన్ నొక్కడం అన్నీ సరిగ్గా మీ దృష్టి హుక్ మీద ఉండాల్సిన నిమిషంలోనే గుర్తొస్తాయి.

1. ముందు రోజు సాయంత్రం వాతావరణం చూడండి

నేషనల్ వెదర్ సర్వీస్ ఫోర్‌కాస్ట్‌లో మూడు విషయాలు చూడాలి. గాలి దిశ, గాలి వేగం, ఉరుములు. లుకౌట్ ర్యాంపుకు పడమర, వాయవ్యం గాలులు కావాలి. కొత్తవాళ్లకు నేరుగా ఎదురుగా, గంటకు 5 నుంచి 10 మైళ్ల మధ్య, ఒకే తీరుగా వీచే గాలి మంచిది. కనిష్ఠానికి, గరిష్ఠానికి తేడా 5 మైళ్లు దాటుతుంటే అది మీ రోజు కాదు.

వేసవి మధ్యాహ్నాల్లో ఆ ప్రాంతంలో ఉరుముల వానలు తరచు పడతాయి. మేఘం పది మైళ్ల దూరంలో ఉన్నా దాని నుంచి దిగే చల్లగాలి నిమిషాల్లో లోయను దాటి వచ్చేస్తుంది. ఫోర్‌కాస్ట్‌లో ఉరుములుంటే మధ్యాహ్నం ప్లాన్ పెట్టుకోకండి.

మొదటి ఫ్లైట్‌కి సాయంత్రమే బాగుంటుంది. ఎండ తగ్గాక థర్మల్స్ (వేడెక్కి పైకి లేచే గాలులు) నెమ్మదిస్తాయి, గాలి నునుపుగా ఉంటుంది. కానీ సూర్యాస్తమయానికి చాలా ముందే నేల మీద ఉండేలా లెక్క వేసుకోండి. గ్లైడర్ అమర్చడానికి కొత్తవాళ్లకు ముప్పావు గంట పడుతుంది, క్యూ వేరే. చీకటి పడుతోందన్న తొందరలో చేసిన లాంచ్ మంచి లాంచ్ కాదు.

2. కొండెక్కే ముందు ల్యాండింగ్ జోన్ నడిచి చూడండి

చాలామంది కారు దిగగానే ర్యాంపు వైపు పరుగు తీస్తారు. ముందు లోయలోకి వెళ్లండి. మైదానం అంతా కాళ్లతో నడవండి. ఎక్కడ వాలు ఉంది, చెట్ల వరస ఎక్కడ, కరెంటు తీగలు ఎటు పోతున్నాయి, విండ్‌సాక్ ఎక్కడుంది, టో విమానం ఎటు నుంచి ఎగురుతోంది అన్నీ చూడండి. పై నుంచి చూస్తే కరెంటు తీగలు కనిపించవు, స్తంభాలు మాత్రమే కనిపిస్తాయి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క.

అక్కడే నిలబడి మీ అప్రోచ్ ఊహించుకోండి. గాలి పడమటి నుంచి ఉంటే ఏ వైపు నుంచి వస్తారు, ఏ చెట్టు దగ్గర మలుపు తీసుకుంటారు? గాలి మారితే ఏం చేస్తారు? పైన పడమటి గాలి ఉన్నా కింద లోయ పొడవునా వీచవచ్చు. ఈ రెండు ప్లాన్లూ ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి సరిచేయించుకోండి.

చూడ్డానికి వచ్చిన ఇంట్లోవాళ్లను ఇక్కడే కూర్చోబెట్టండి. పైన ర్యాంపు పక్కన మనవాళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడితే, "ఇంత దూరం వచ్చారు, ఎగరకపోతే ఎలా" అన్న ఒత్తిడి తెలియకుండానే మీ మీద పడుతుంది. ఆ ఒత్తిడి గాలి కన్నా ప్రమాదం.

3. ర్యాంపు దగ్గర అరగంట గాలిని చూడండి

గ్లైడర్ కట్లు విప్పకముందే ఈ పని. ఒక నిమిషం గాలిని చూసి నిర్ణయం తీసుకోకూడదు. రిబ్బన్లు, చెట్ల ఆకులు, కింద లోయలో పొగ, పైన మేఘాల కదలిక అన్నీ కలిపి చూడండి.

కొత్తవాళ్లు మోసపోయే చోటు ఒకటుంది. గాలి నిజానికి తూర్పు నుంచి, అంటే కొండ వెనక నుంచి వస్తున్నప్పుడు అంచు దాటాక సుడి తిరుగుతుంది. ఆ సుడిలో కొంత గాలి ర్యాంపు మీదకు పైకి వస్తుంది. రిబ్బన్ చూస్తే "ఎదురుగాలి వచ్చింది" అనిపిస్తుంది, మరుక్షణం తిరగబడుతుంది. దీన్నే రోటర్ అంటారు. ఎలా కనిపెట్టాలి? మేఘాలు ఎటు పోతున్నాయో చూడండి. కొండపైన ఎత్తయిన చెట్ల కొనలు చూడండి. రిబ్బన్ పడమటి గాలి చూపిస్తూ మేఘాలు తూర్పు నుంచి కదులుతుంటే గ్లైడర్ విప్పకండి.

అనుభవం ఉన్న పైలట్లు ఎగరకుండా కూర్చుని ఉంటే వాళ్లను అడగండి, "ఎందుకు ఆగారు?" అని. వాళ్లు ఎగురుతున్నారు కదా అని మాత్రం మీరు ఎగరకండి. హెచ్4 (పై స్థాయి) పైలట్‌కి బాగున్న గాలి మీకు బాగుండాలని లేదు.

4. గ్లైడర్ అమర్చండి, మధ్యలో ఎవరితోనూ మాట్లాడకండి

బ్యాటెన్లు (రెక్కకు ఆకారమిచ్చే సన్నని కడ్డీలు) వరస ప్రకారం ఎక్కించండి, ఎడమవి ఎడమకు, కుడివి కుడికి. తర్వాత ముక్కు దగ్గర మొదలుపెట్టి గ్లైడర్ చుట్టూ ఒకే దిశలో తిరిగి చూడండి. ముక్కు దగ్గరి వైర్లు, లీడింగ్ ఎడ్జ్‌లు, క్రాస్‌బార్ జాయింట్, ప్రతి బోల్టుకు నట్టు, ప్రతి నట్టుకు సేఫ్టీ పిన్ను, వైర్లలో తెగిన పోగులు, మెలికలు, కంట్రోల్ ఫ్రేమ్ మూలలు, కింగ్ పోస్ట్ (రెక్క పైన నిలబడే చిన్న స్తంభం), హ్యాంగ్ స్ట్రాప్ (మీరు వేలాడే పట్టీ), దాని బ్యాకప్ స్ట్రాప్. కళ్లతో చూడటమే కాదు, చేత్తో తాకండి.

మధ్యలో ఎవరైనా పలకరిస్తే మర్యాదగా "ఒక్క నిమిషం" అనండి. మాటల్లో పడితే మళ్లీ ముక్కు నుంచి మొదలుపెట్టండి. ఎక్కడ ఆపారో గుర్తుందని అనుకుంటారు. బోల్టుల దగ్గర ఆ నమ్మకం చాలదు.

5. హ్యాంగ్ చెక్

ఒకరు ముక్కు దగ్గర వైర్లు పట్టుకోవాలి. మీరు క్యారబినర్ తగిలించి, హార్నెస్‌లో పూర్తిగా పడుకుని వేలాడాలి. అప్పుడు చూడాల్సినవి ఇవి.

- క్యారబినర్ ప్రధాన స్ట్రాప్‌తో పాటు బ్యాకప్‌లో కూడా ఉందా, లాక్ పడిందా.
- హార్నెస్ తాళ్లు మెలిక పడ్డాయా.
- బేస్ ట్యూబ్‌కు మీ ఛాతీకి మధ్య మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పినంత దూరం ఉందా.
- రెండు కాళ్లకూ లెగ్ లూప్స్ (తొడల చుట్టూ వేసుకునే పట్టీలు) వేసుకున్నారా. వీటిని మరచిపోయినా నిలబడినప్పుడు అన్నీ సరిగ్గానే అనిపిస్తాయి. ఎగిరాక శరీరం హార్నెస్‌లోంచి కిందికి జారుతుంది.
- పారాచూట్ పిన్నులు చోటులో ఉన్నాయా, హ్యాండిల్ చేతికి అందుతోందా.

6. తగిలించుకుని ఉన్నానా? ఎగరబోయే ముందు చివరి క్షణంలో మళ్లీ చూడండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

హ్యాంగ్ గ్లైడింగ్‌లో పైలట్ గ్లైడర్‌కు తగిలించుకోకుండానే పరిగెత్తి ఎగిరిపోవడం జరుగుతూనే ఉంది. అలా జరిగింది కొత్తవాళ్లకే కాదు, ఏళ్ల తరబడి ఎగిరినవాళ్లకూ, టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్లకూ. 2018లో స్విట్జర్లాండ్‌లో ఒక టాండెమ్ ఫ్లైట్‌లో ప్రయాణికుడి హార్నెస్‌ను గ్లైడర్‌కు తగిలించకుండానే లాంచ్ చేశారు. ఆయన 2 నిమిషాల 14 సెకన్ల పాటు చేతులతో వేలాడి, దిగేటప్పుడు మణికట్టు విరిగి, ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. అందరికీ అంత పట్టు, అంత అదృష్టం ఉండవు.

ఎలా జరుగుతుందంటే, హ్యాంగ్ చెక్ చేస్తారు, అంతా బాగుంటుంది. గాలి తగ్గుతుంది. కాసేపు ఆగుదామని హుక్ విప్పి పక్కన కూర్చుంటారు. లేదా కళ్లద్దాలు కారులో మరచిపోయి తెచ్చుకోవడానికి వెళ్తారు. పది నిమిషాల తర్వాత గాలి వస్తుంది. గ్లైడర్ కిందికి దూరి ఎత్తుకుంటారు. హ్యాంగ్ చెక్ అయిపోయిందన్న జ్ఞాపకం మనసులో గట్టిగా ఉంటుంది, హుక్ విప్పిన సంగతి ఉండదు.

అందుకే రెండు పద్ధతులు కలిపి పాటించండి.

మొదటిది, హార్నెస్‌ను ముందే గ్లైడర్‌కు తగిలించి, ఆ తర్వాత దాంట్లోకి దూరడం. దీన్ని ఆసీ పద్ధతి అంటారు. గ్లైడర్ నుంచి బయటికి రావాలంటే హార్నెస్ విప్పి రావాలి, క్యారబినర్ విప్పకూడదు. అప్పుడు హార్నెస్ మీ ఒంటి మీద ఉందంటే హుక్ తగిలి ఉన్నట్టే. లెగ్ లూప్స్ మాత్రం విడిగా చూసుకోవాలి.

రెండోది, పరుగు మొదలుపెట్టే ముందు, సరిగ్గా ఆ చివరి క్షణంలో గ్లైడర్‌ను పైకి ఎత్తి, లెగ్ లూప్స్ తొడలకు బిగుసుకోవడం ఒంటితో అనుభవించడం. బిగుసుకుంటే తగిలి ఉన్నారు, లూప్స్ కూడా వేసుకున్నారు. బిగుసుకోకపోతే గ్లైడర్ కింద పెట్టేయండి. ప్రతి ఫ్లైట్‌లో లాంచ్‌కు ముందు హుక్ తగిలి ఉందని నిర్ధారించుకునే పద్ధతి చూపించాలని యూఎస్‌హెచ్‌పీఏ రేటింగ్ నియమాల్లోనే ఉంది.

గ్లైడర్ అంత ఎత్తడం మీ వల్ల కాకపోతే, తల తిప్పి క్యారబినర్‌ను కళ్లతో చూడండి, ముక్కు వైర్లు పట్టుకున్నవారిని కూడా చూసి పైకి చెప్పమనండి. హ్యాంగ్ చెక్ అయ్యాక ఐదు నిమిషాలు దాటినా, ఏ కారణంతో హుక్ విప్పినా, హ్యాంగ్ చెక్ మొదటి నుంచి మళ్లీ చేయాలి. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారేమో అని మొహమాటపడకండి. అక్కడ ఎవరూ విసుక్కోరు.

7. లాంచ్

గాలి ఉన్నప్పుడు పక్క వైర్లు పట్టుకోవడానికి ఇద్దరు ఉంటారు. వాళ్లు తమ వైపు రెక్క ఎలా ఉందో పైకి చెబుతారు. "అప్" అంటే రెక్క పైకి లేస్తోంది, "డౌన్" అంటే కిందికి వాలుతోంది, "న్యూట్రల్" అంటే బరువు లేదు. ఇద్దరూ వరసగా "న్యూట్రల్" అనేదాకా ఆగండి. తొందర లేదు.

రెక్కలు సమంగా, ముక్కు కోణం సరిగ్గా పెట్టుకోండి. ర్యాంపు వాలుగా ఉంటుంది, గాలి ఆ వాలు వెంట పైకి వస్తుంది. కాబట్టి ట్రైనింగ్ హిల్ మీద పెట్టుకున్న దానికన్నా ముక్కు కాస్త కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది. అనిపించాలి కూడా. కళ్లు దూరంగా, లోయ అవతలి గట్టు మీద పెట్టండి. గట్టిగా "క్లియర్!" అని అరవండి, వైర్లు వదులుతారు. నడక, జాగింగ్, పరుగు. గ్లైడర్ మిమ్మల్ని ఎత్తేదాకా కాళ్లు ఆడుతూనే ఉండాలి.

తరచు చేసే తప్పులు ఇవి.

ముక్కు మరీ పైకి పెట్టడం. రెక్క స్టాల్ అయి (వేగం చాలక మోసే శక్తి కోల్పోయి) ఒక పక్కకు తిరిగి కొండ వైపే వస్తుంది. 1896లో ఒట్టో లిలియంతాల్ ప్రాణం తీసింది కూడా గాల్లో స్టాలే. గ్లైడర్లు ఎంతో మారాయి, వేగం లేని రెక్క పడిపోతుందన్న సంగతి మారలేదు.

ర్యాంపు చివర్లో దూకడం. దూకితే మీ బరువు ఒక్కసారి స్ట్రాప్ మీద నుంచి పోయి, మళ్లీ కుదుపుతో పడుతుంది. దూకకండి, పరిగెత్తండి.

ఎగరగానే చేతులు డౌన్ ట్యూబుల (రెండు పక్కల నిలువు గొట్టాలు) నుంచి బేస్ ట్యూబ్‌కి మార్చేయడం, కాళ్లు హార్నెస్‌లోకి దూర్చాలని చూడటం. ముందు కొండకు దూరంగా, సూటిగా, కాస్త వేగంతో పోండి. చెట్ల కొనలు బాగా వెనకబడ్డాక ఒక చేయి, తర్వాత ఇంకో చేయి మార్చండి. జిప్పు ఆ తర్వాతే.

లాంచ్ బాగా జరిగిందని ఎలా తెలుస్తుంది? మీరు ఎగరలేదు, గ్లైడర్ మిమ్మల్ని ఎత్తుకుంది అనిపిస్తుంది. మొదటి కొన్ని సెకన్లు దిశ మారలేదు. వీడియో తీసినవాళ్లు ఉంటే, నేల వదిలాక కూడా మీ కాళ్లు ఒకటి రెండు అడుగులు గాల్లో పరిగెత్తుతూ కనిపిస్తాయి. అది మంచి గుర్తు.

8. గాల్లో

మొదటి ఫ్లైట్‌లో అంచు వెంట గంటలు తిరగాలని అనుకోకండి. గాలి నెమ్మదిగా ఉంటే ఐదారు నిమిషాల్లో కిందికి వచ్చేస్తారు. ఆ సమయం నిటారుగా ఎగరడానికి, రెండు మూడు వెడల్పాటి మలుపులకు, ల్యాండింగ్ జోన్‌ను చూస్తూ ఉండటానికి చాలు. ఇతర గ్లైడర్లు ఉంటే అంచు నియమాలు ఇవి. మలుపు ఎప్పుడూ కొండకు దూరంగానే. ఎదురెదురుగా వస్తే కొండ ఎవరికి కుడి వైపు ఉందో వారికి దారి ఇవ్వాలి, అంటే కొండ మీకు ఎడమ వైపు ఉంటే పక్కకు జరగాల్సింది మీరే. తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూడండి.

9. ల్యాండింగ్

మైదానం అంచుకు చేరేసరికి ఎత్తు మిగిలి ఉంటే ఒక మూలలో మలుపులు తిరుగుతూ తగ్గించుకోండి, విండ్‌సాక్ మీద నుంచి చూపు తిప్పకండి. సుమారు 300 అడుగుల దగ్గర గాలి వాటానికి మైదానం పక్కగా పోవడం మొదలవ్వాలి. తర్వాత అడ్డంగా, చివరికి గాలికి ఎదురుగా. నేల దగ్గర పడేకొద్దీ గాలి తగ్గుతుంది, దాంతో మీ రెక్క మీది వేగమూ తగ్గుతుంది. అందుకే చివరి దశలో బార్‌ను లోపలికి లాగి అదనపు వేగంతో రండి. "మెల్లగా దిగుదాం" అని బార్ తోయడం ఇక్కడ చేసే అతి పెద్ద తప్పు.

ఎక్కువ ఎత్తులో వచ్చి మైదానం దాటిపోయేలా ఉంటే, ఎత్తు ఉండగానే చిన్న ఎస్ మలుపులు వేయండి. తక్కువ ఎత్తులో ఉంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నేరుగా దిగండి, కారు దగ్గరికి నడవాల్సి వచ్చినా పరవాలేదు. నేల దగ్గర మలుపు వద్దు. చెట్టును తప్పించుకోవాలంటే చెట్టు వైపు చూడకండి, వెళ్లాల్సిన ఖాళీ వైపు చూడండి. చూపు ఎటు పోతే గ్లైడర్ అటే పోతుంది.

నేలకు సమాంతరంగా కొంత దూరం జారాక వేగం తగ్గి బార్ చేతుల్లో తేలికవుతుంది. అప్పుడు డౌన్ ట్యూబులను పైకి, ముందుకు గట్టిగా తోయండి. దీన్నే ఫ్లేర్ అంటారు. ముందే తోస్తే పైకి లేచి దబ్బున పడతారు. అలా లేచారని మళ్లీ లోపలికి లాగకండి, తోసిన చేతుల్ని అలాగే ఉంచండి. ఆలస్యమైతే ముక్కు నేలకు గుద్దుకుంటుంది. డౌన్ ట్యూబు పట్టుకుని ఉండగా అలా జరిగితే విరిగేది చేయి. ఫ్లేర్ మీద నమ్మకం లేకపోతే చక్రాల మీద, పొట్ట మీద గడ్డిలో జారి ఆగండి. అది పూర్తిగా సరైన ల్యాండింగే.

ఆగగానే గ్లైడర్ ఎత్తుకుని మైదానం పక్కకు జరగండి. మీ వెనక ఇంకొకరు దిగుతూ ఉండవచ్చు.

10. చూసుకోవడం, రాసుకోవడం

గ్లైడర్ మడిచే ముందే ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. లాగ్‌బుక్‌లో గాలి దిశ, వేగం, లాంచ్‌లో రెక్కలు సమంగా ఉన్నాయా, అనుకున్న చోటుకు ఎంత దూరంలో దిగారు, నిలబడి దిగారా చక్రాల మీదా అన్నవి రాయండి. "చాలా బాగుంది" అని రాస్తే తర్వాత ఏమీ ఉపయోగపడదు. "రెండో మలుపు ఆలస్యం, చెట్ల వైపు 100 అడుగులు ఎక్కువ పోయాను" అని రాస్తే వచ్చేసారి ఏం మార్చాలో తెలుస్తుంది. బరువుగా దిగి ఉంటే డౌన్ ట్యూబులు వంగాయేమో కంటితో గురిపెట్టి చూడండి. వంగిన ట్యూబుతో మళ్లీ ఎగరకూడదు, మార్చాలి.

అదే రోజు రెండో ఫ్లైట్ చేయాలా? ఒళ్లు అలసిపోకుండా, గాలి మారకుండా, వెలుతురు బాగా ఉండగా, ఇన్‌స్ట్రక్టర్ సరే అంటేనే. వీటిలో ఒక్కటి లేకపోయినా గ్లైడర్ కారు మీదకు ఎక్కించి కట్టేయండి.